ముందుచక్రములు లాగనప్పుడు

బురదలో దిగబడిన జీపును మనలో పలువురు చూచియే యుందురు. నడుపువాడు లివరు లాగును; ఇంజను గర్జించును; వెనుకచక్రములు గిర్రున తిరుగుచు మరింత లోతునకు దిగును; ముందుచక్రములు మాత్రము కదలవు. వాగు నడుమ ఇట్లు జరిగినచో ప్రాణసంకటమే. ఒడ్డున పడిన పిమ్మట దోషమెచట నున్నదో తెలియక, గేరుపెట్టె యంతయు విప్పించి వృథావ్యయము చేసికొనుటయు కలదు. ఈ యంత్రము ఏ క్రమమున పెరిగినదో తెలిసినచో, దోషమును ఏ క్రమమున వెదుకవలెనో తెలియునని మేము తలచుచున్నాము.

నాలుగు చక్రములకును బలము నందించు పెట్రోలు కారును 1903లో హాలెండు దేశమున స్పైకర్ సంస్థ నిర్మించినది. చిక్కంతయు ముందుచక్రముల వద్దనే. అవి దారిని బట్టి అటునిటు తిరుగవలెను. తిరుగుచునే ఇంజను బలమును గ్రహింపవలెను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి క్లింటన్‌విల్ అను చిన్న పట్టణమున ఆటో జాకౌ, అతని బావమరది విలియం బెసర్‌డిక్ అను ఇరువురు ముందిరుసు కొసనుండు కీలును గుండ్రని గిన్నెలో నమర్చు పద్ధతి కనిపెట్టిరి. దానికి 1908లో పేటెంటు లభించినది. ముందిరుసు కీలు అరుగుట, విరుగుట నేటికిని ఎరిగిన దోషములే.

1940 జులైలో అమెరికా సైన్యము తేలికపాటి వాహనమునకై కర్మాగారములను ఆహ్వానించినది. కార్ల్ ప్రాబ్‌స్ట్ రూపకల్పన చేయగా, బాంటమ్ సంస్థ 49 దినములలో నమూనాను సిద్ధపరచి, సెప్టెంబరు 23న హోలబర్డ్ స్థావరమునకు చేర్చినది. పిమ్మట విల్లీస్, ఫోర్డ్ సంస్థలు యుద్ధము ముగియులోగా 6 లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి.

మలుపు తిరుగునప్పుడు ముందుచక్రములు వెనుకవాటికంటె ఎక్కువ దూరము పోవును. మెత్తని నేలపై చక్రము కొంత జారి ఆ తేడా తీరిపోవును. తారురోడ్డుపై అట్లు జారదు గనుక ఇరుసుల నడుమ బిగువు పుట్టును. అందుచేత గేరుపెట్టె వెనుక ట్రాన్స్‌ఫర్ కేసును బిగించి, అవసరమైనపుడే ముందిరుసును కలుపుటకు ఒక లివరు నమర్చిరి. లివరు పడకున్నచో పండ్లు ఎదురెదురుగా నిలిచియుండవచ్చును. బండిని మెల్లగా కదల్చి వేయవలెను. వేసిన లివరు తిరిగి రాకున్నచో కొన్ని గజములు వెనుకకు నడిపిన బిగువు సడలును. బలవంతము చేసినచోనే నిజముగా చెడును.

1940ల చివర మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించినది. 1952లో సమాజ వికాస పథకము ఆరంభమైన పిమ్మట బ్లాకు అధికారి జీపు మన పల్లెబాటలకును పరిచయమైనది.

యుద్ధానంతరము మరియొక మార్పు వచ్చినది. రెండు చక్రములతో పోవునప్పుడు కూడ ముందిరుసు వృథాగా తిరిగి అరుగుచుండెను. 1948లో సియాటిల్ ప్రాంతమున సంస్థ నెలకొల్పిన ఆర్థర్ వార్న్, చక్రమును ఇరుసునుండి చేతితో విడదీయుటకు వీలగు హబ్బులను ప్రచారములోనికి తెచ్చెను. ఇది మేలే, కాని మరపునకు కూడ చోటిచ్చినది. హబ్బులు వేయక లివరు మాత్రమే వేసినచో ముందిరుసు తిరుగును, చక్రము తిరుగదు. తరువాతి కాలమున ఇంజను పీల్చుగాలితో ముందిరుసును కలుపు పద్ధతులు వచ్చినవి. 1984 నమూనా జీప్ చెరొకీ అట్టిది. వాటిలో సన్నని గొట్టము పగిలినను చాలు, పండ్లన్నియు బాగున్నను ముందుచక్రములు లాగవు.

కావున మొదట చూడవలసినవి హబ్బులు. వాటిని చేతితో వేయు పాత జీపులకు సులభమైన పరీక్ష యొకటి కలదు. చదునైన నేలపై ఇంజను ఆపి, బండిని గేరులో నుంచి, వెనుకచక్రములకు రాళ్ళు అడ్డము పెట్టవలెను. హబ్బులను, లివరును వేసి, ఒక ముందుచక్రమును జాకీతో లేపి చేతితో త్రిప్పవలెను. కొద్దిపాటి ఆట తప్ప చక్రము కదలకున్నచో అంతయు సరిగానే కలిసినది. చక్రముతోపాటు ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కూడ తిరిగినచో దోషము వెనుక, ట్రాన్స్‌ఫర్ కేసులోనో లివరు కడ్డీలలోనో యున్నది. చక్రము తిరిగి షాఫ్టు నిలిచియున్నచో దోషము ముందిరుసులోనో, ఏదో యొకవైపు హబ్బులోనో యున్నది. జాకీపై నున్న బండి క్రిందికి మాత్రము ఎవ్వరును దూరరాదు.

ఇంతవరకు గేరుపెట్టెకు ఒక్క బోల్టును విప్పలేదు. అయినను సగము యంత్రము నిర్దోషియని తేలినది. వానలు రాకమునుపే, మెత్తని నేలపై నెలకొకమారు ముందిరుసును కలిపి కొంతదూరము నడిపి చూచుకొనువారికి వాగు నడుమ ఈ పరీక్ష చేయవలసిన దుస్థితి అరుదుగా కలుగును.