రోజాపూల పటం వెనుక ఇల్లు



మా కతోలికుల ఇళ్లలో ఒక పటం తరచు కనబడుతుంది. నల్లటి ముసుగు వేసుకున్న పడుచు మఠకన్య ఒకామె, చేతులనిండా రోజాపూలూ, సిలువా పట్టుకుని మెల్లగా నవ్వుతూ ఉంటుంది. ఆమే పునీత చిన్న తెరేజమ్మ. ఇంగ్లీషువాళ్లు లిటిల్ ఫ్లవర్ అంటారు. ఆ పేరుతో మన ఊళ్లలో బళ్లు ఉన్నాయి గనుక మా మతం కానివాళ్లు కూడా వినే ఉంటారు.

మా పుట్టింట్లో ఆ పటం అమ్మ మంచానికి ఎదురుగా ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఆఖరి తమ్ముడు, ఏడు నెలల పసివాడు, జ్వరంతో పోయాడు. ఆ తర్వాత మా అమ్మ చాలాకాలం గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకునేది కాదు. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా లేచేది కాదు. చూడవచ్చినవాళ్లు "పోనీలేమ్మా, ఇంకా నలుగురున్నారుగా" అనేవారు. "జపమాల చెప్పుకో, విశ్వాసం ఉన్నవాళ్లు ఇలా కుంగిపోకూడదు" అన్నవాళ్లూ ఉన్నారు. "ఆ పటంలో తెరేజమ్మను చూడు, ఎంత చక్కగా నవ్వుతోందో" అన్నది ఒకావిడ.

పెద్దయ్యాక ఆ తెరేజమ్మ ఇంటి చరిత్ర చదివాను. ఆ నవ్వు వెనుక ఎంత కన్నీరున్నదో అప్పుడు తెలిసింది. ఇవాళ ఆ కథే చెబుతాను.

ఫ్రాన్సు దేశంలో అలాన్సోన్ అనే ఊరు లేసుకు పేరుపడ్డది. మన నరసాపురం వైపు ఆడవాళ్లు ఇంటిపట్టున లేసు అల్లినట్టే, అక్కడి ఆడవాళ్లు సూదితో లేసు పని చేసేవారు. జెలీ గెరాన్ అనే ఆమె వాళ్లకు పని ఇచ్చి వ్యాపారం నడిపేది. 1858లో లూయీ మార్టిన్ అనే గడియారాల వ్యాపారిని పెళ్లాడింది. తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు. 1867 నుంచి 1870 లోపల వారిలో నలుగురు పోయారు. మగపిల్లలిద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. తర్వాత ఎలెన్ అనే అయిదేళ్ల పిల్ల, ఆ వెనుక రెండు నెలలైనా నిండని పసిగుడ్డు. మధ్యలో కన్నతండ్రి కూడా పోయాడు. లెక్కేసుకోండి, నాలుగేళ్లలో అయిదు చావులు!

జెలీ రాసిన ఉత్తరాలు రెండువందలకు పైగా మిగిలి ఉన్నాయి. 1871లో తన తమ్ముడి భార్యకు బిడ్డ పోతే ఓదారుస్తూ ఒక ఉత్తరం రాసింది. తన పిల్లలు పోయినప్పుడు, అసలు పుట్టకుండా ఉంటేనే నయమని జనం అన్నారనీ, ఆ మాట తాను భరించలేకపోయాననీ అందులో చెప్పుకున్నది. అది చదివినప్పుడు నాకు "ఇంకా నలుగురున్నారుగా" అన్న మాట చెవిలో గింగురుమన్నది. దేశాలు వేరు, కాలాలు వేరు. ఓదార్పు పేరుతో అనే మాటలు మాత్రం అవే!

1877లో జెలీ రొమ్ము క్యాన్సరుతో కన్నుమూసింది. ఆఖరిపిల్ల తెరేజాకు అప్పుడు నాలుగున్నరేళ్లు. తండ్రి అయిదుగురు ఆడపిల్లల్నీ తీసుకుని, మేనమామ ఉండే లిసియూ పట్టణానికి మకాం మార్చాడు. అంతవరకు గలగలలాడిన పిల్ల బెదురుగొడ్డయింది. ప్రతి చిన్నదానికీ ఏడుపే. అక్క పోలీన్‌నే అమ్మ అనుకున్నది. 1882లో ఆ అక్క కార్మెల్ మఠంలో చేరిపోయింది. మరుసటి ఏడు తెరేజా వణుకుతో, పలవరింతలతో మంచం పట్టింది. మే 13న దేవమాత స్వరూపం తనను చూసి నవ్విందనీ, అప్పుడే కోలుకున్నాననీ తర్వాత రాసుకున్నది.

ఆ నవ్వు సంగతి అందరూ చెబుతారు. తర్వాతి సంగతి చెప్పేవాళ్లు తక్కువ. పన్నెండేళ్ల వయసులో ఆ పిల్లకు మరో బాధ పట్టుకున్నది. ఏమి చేసినా, ఏమి తలచినా పాపమేమోనన్న భయం. పెద్దక్క మరీ రోజూ ఆ భయాలన్నీ ఓపిగ్గా వినేది. ఏడాదికి పైగా విన్నది! విసుక్కోకుండా వినడం కూడా ఒక ప్రార్థనేనని నాకనిపిస్తుంది.

1888లో తెరేజా కూడా మఠంలో చేరింది. ఆ ఏడే తండ్రికి మతి చలించింది. ఒకసారి చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. అది వట్టి దిగులు కాదు, మెదడు రక్తనాళాల జబ్బు అంటారు. కాని ఊళ్లోవాళ్లు, కూతుళ్లు ఒకరి తర్వాత ఒకరు మఠానికి పోబట్టే ఆయనకు పిచ్చెత్తిందన్నారు. 1889 ఫిబ్రవరిలో కాన్ పట్టణంలోని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. మూడేళ్లకు పైగా ఉన్నాడు. ఇంకా ఇంటిపట్టున ఉన్న కూతుళ్లు లియోనీ, సెలీన్ కొంతకాలం ఆ ఊళ్లోనే బస చేసి తండ్రి బాగోగులు కనుక్కునేవారు. 1892లో కాళ్లు పడిపోయిన తండ్రిని ఇంటికి తెచ్చుకుని 1894లో ఆయన పోయేదాకా చూసుకున్నారు. వైద్యానికి పంపినందుకు వాళ్ల భక్తి తగ్గిందా? తగ్గలేదు.

ఇక తెరేజా. క్షయరోగం ముదిరి, 1896 ఈస్టరు నుంచి మనసంతా చీకటి కమ్మింది. పరలోకం ఉన్నదా అన్న అనుమానమే పీడించింది. విపరీతమైన నొప్పితో ఉన్న రోగుల దగ్గర విషపు మందులు ఉంచవద్దని, బాధ అంత దూరం తీసుకుపోగలదని, తోడున్న అక్కలతో అన్నది. 1897 సెప్టెంబరు 30న, 24 ఏళ్లకే పోయింది. ఆ మాట అన్న ఆమెనే 1925లో పునీతురాలిగా ప్రకటించారు. ఆమె తల్లిదండ్రుల్ని 2015లో, భార్యాభర్తలిద్దరినీ ఒకేసారి, పునీతులుగా ప్రకటించారు. చికిత్సాలయంలో మూడేళ్లున్న మనిషి ఇవాళ పీఠం మీద ఉన్నాడు!

మరి మా అమ్మ ఎట్లా లేచిందంటారా? మా పెద్దమ్మ వచ్చింది. ఉపదేశాలేమీ చెయ్యలేదు. మంచం అంచున కూర్చుని, చిక్కులు పడ్డ జుట్టు నూనె పెట్టి దువ్వుతూ, "బాబు ఎట్లా నవ్వేవాడే?" అని అడిగింది. అందాకా ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆవేళ అమ్మ సాయంత్రందాకా ఏడ్చింది, చెప్పింది. ఆ వారంలోనే పెద్దమ్మ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది. మందులు వాడుతూనే జపమాలా చెప్పుకున్నది. నెమ్మదిగా, నెలల మీద, మనిషయింది.

కనుక మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఒకావిడ గోడవైపు తిరిగి పడుకుంటే, భక్తి చాలలేదని అనకండి. పక్కన కూర్చోండి. పోయినవాళ్ల పేరు ఎత్తండి. డాక్టరుకు చూపించండి.

ఆ పటం ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నది. చూసినప్పుడల్లా ఆమె నవ్వుతోపాటు మా పెద్దమ్మ చేతిలోని దువ్వెన కూడా గుర్తొస్తుంది.