పెరటి గాలిమర

గాలిలో దీపము పెట్టి దేవుని మహిమకు విడిచినట్లని మనవారొక సామెత చెప్పుదురు. దీపమునకు గాలి శత్రువని లోకమెల్ల నమ్మిన కాలమున పుట్టిన మాట యది. కళ్లములో ధాన్యము తూర్పారబట్టు కర్షకునకును, గోదావరిమీద తెరచాప యెత్తు పడవవానికిని గాలి చిరకాలమునుండి పనివాడే. కాని యా గాలిచేతనే దీపము వెలిగించుట నూటనలువది యేండ్లనాటి ముచ్చట మాత్రమే. 1883లో వియన్నా నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనమునందు గాలిమరతో విద్యుత్తును పుట్టించి చూపిరి. అయినను అది ప్రదర్శనము. ఒక గృహస్థుడు తన యింటి చీకటిని గాలిచేత పోగొట్టుకొనుట యంతకు నాలుగేండ్ల పిమ్మట, స్కాట్లండు దేశమున, ఒక పల్లెయింటి పెరటిలో జరిగినది.

ఆ పల్లె పేరు మేరికిర్కు. ఆ గృహస్థుడు జేమ్సు బ్లైతు. ఇతడు 1839లో నా పల్లెయందే పుట్టి, చదువుకొని, గ్లాస్గో నగరమందలి ఆండర్సను కళాశాలలో ఆచార్యుడయ్యెను. సెలవులలో నివసించుటకై స్వగ్రామమున నొక చిన్నయిల్లు ఉంచుకొనెను. 1887 జూలైలో ఆ యింటి తోటలో గాలిమర నిలిపెను. మూడుకాళ్ల పీటవంటి కట్టడము, ముప్పదిమూడడుగుల యిరుసు, పదుమూడేసి యడుగుల నాలుగు చేతులు, వానికి పడవ తెరచాపలవలె తగిలించిన కిత్తాను గుడ్డలు. ఇంతియే దాని స్వరూపము. తిరుగు చక్రమునుండి యొక మోకు వచ్చి డైనమోను త్రిప్పుచుండెను. పల్లెలోని వడ్రంగి, కమ్మరి కలిసి చేయరాని వస్తువు దీనిలో డైనమో తప్ప మఱియొకటి లేదని చదువరులు గమనింతురుగాక.

ఇందలి యసలు చిక్కు వేఱొకటి. గాలి మన యక్కఱనుబట్టి వీవదు. దీపము కావలసిన రాత్రి చెట్టాకు కదలకుండవచ్చును. పట్టపగలు హోరున వీచవచ్చును. పండినప్పుడు గాదెలో పోసికొని యేడాది తినునట్లు, వీచినప్పుడు పట్టి దాచుకొనిననే విద్యుత్తు సంసారమునకు పనికివచ్చును. ఆ గాదె యప్పటికి సిద్ధముగనే యుండెను. ఫ్రాన్సు దేశీయుడగు కమీల్ ఫోర్ అనునాతడు 1881లో సీసపు పలకల బ్యాటరీని బాగుచేసి, వాడుకకు యోగ్యముగ నొనర్చెను. బ్లైతు ఆ బ్యాటరీలను తెప్పించి గాలిమరకు జోడించెను. ఒకమాదిరి గాలికే యాయింట పది దీపములు వెలిగెను. ఒక చిన్న తరిమెనపట్టెడ కూడ తిరిగెను. 1888 మే నెలలో నతడు గ్లాస్గో తత్త్వశాస్త్ర సంఘమువారి యెదుట ఈ వివరములన్నియు చదివెను.

ఇంక వినదగిన కథ యిచ్చటనున్నది. తన యింటికి చాలగా మిగిలిన విద్యుత్తును గ్రామపు పెద్దవీథికి దీపములు పెట్టుకొనుటకిచ్చెదనని బ్లైతు గ్రామస్థులతో ననెను. వారు వలదనిరి. అది దయ్యపుపని యని వారు భయపడిరని చెప్పుదురు. ఈ మాట చెప్పి నవ్వుట సులభము, నవ్వినవారే యెక్కువ. నాకు మాత్రము నవ్వు రాదు. వారికి చూపబడినది ఫలము, చెట్టు కాదు. కంటికి మంట కనబడక, చమురు లేక, వత్తి లేక, గాజుబుడ్డిలో వెలుగు పుట్టుచున్నది. ఎట్లు పుట్టుచున్నదో యెఱుగనివానికి అది దయ్యముగాక మఱేమి? ఉచితముగ నిచ్చినంతమాత్రమున విద్య లేనివాని సందేహము తీరదు. మన యూళ్లలో మశూచికపు టీకాలు వేయవచ్చినవారిని చూచి తలుపులు మూసికొన్న తల్లులును ఇట్టివారే. వారిని మూఢులని తిట్టినవారికంటె, అరుగుమీద కూర్చుండి ఓపికతో చెప్పినవారే బిడ్డలను కాపాడిరి.

బ్లైతు మరకు నిజమైన లోపమొకటి కలదు. గాలివేగము రెండింతలైనచో దానియందలి శక్తి యెనిమిదింతలగును. కావున పిల్లగాలికి సరిపోవునట్లు కట్టిన మర పెనుగాలికి తన్ను తానే విఱుచుకొనును. చుట్టుపట్ల నున్నవారికిని ప్రమాదమే. నేడు పెరటిలో గాలిమర కట్టదలచువారు మొట్టమొదట నాలోచింపవలసినది రెక్కల యందము కాదు, దానిని ఆపు నుపాయము. బ్లైతు దీనిని చక్కగ గుర్తించి, నిలువుటిరుసు చుట్టును దొప్పలవంటి పెట్టెలు తిరుగు క్రొత్త మరను కల్పించి, 1891లో పేటెంటు పొందెను. అట్టి మర నొకదానిని 1895లో మాంట్రోజు పట్టణమున నిలిపిరి. ఎక్కడనందురా? పిచ్చివారి వైద్యశాలలో! బుద్ధిమంతుల వీథి వలదన్న గాలివిద్యుత్తునకు చోటు దొరకినది అక్కడనే.

అమెరికాలో 1888లో చార్లెసు బ్రష్షు అను ధనికుడు తన భవనపు పెరటిలో నూటనలువదినాలుగు దేవదారు రెక్కలతో మహాయంత్రము కట్టించి, నేలమాళిగలో నాలుగువందల యెనిమిది బ్యాటరీలు పేర్చెను. అది యిరువదియేండ్లు పనిచేసినది. కాని యట్టిది కట్టుకొనుటకు బ్రష్షంత భాగ్యవంతుడు కావలెను.

బ్లైతు వీథిలో జరుగనిది డెన్మార్కు పల్లెలలో జరిగినది. అచ్చట అస్కౌ అను గ్రామమున 1865లో నొక జానపద విద్యాలయము వెలసెను. రైతుబిడ్డలు యౌవనమునందు వచ్చి చదువుకొను పాఠశాల యది. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. అందు పౌల్ లాకూర్ అను విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు 1891లో ప్రభుత్వ ధనసాహాయ్యముతో ప్రయోగపు గాలిమర కట్టెను. ఇతడు గాదెను వేఱురీతి నేర్పఱచెను: విద్యుత్తుచేత నీటిని విడదీసి, వచ్చిన హైడ్రొజనును నిలువచేసి, దానితో పాఠశాలలో దీపములు వెలిగించెను. వాయువు పేలి కిటికీల యద్దములు పలుమాఱు పగిలెను. పని మాత్రము మానలేదు. గాలిని గొట్టమునుండి పంపి రెక్కల నమూనాలను పరీక్షించి, విద్యుత్తునకు అనేకములైన రెక్కలకంటె వేగముగ తిరుగు కొలది రెక్కలే మేలని తేల్చెను.

అంతకంటె ముఖ్యమైన పని యింకొకటి చేసెను. 1904 మొదలు పల్లెటూరి యువకులకు విద్యుచ్ఛిల్పము నేర్పుటకు తరగతులు పెట్టెను. గాలివిద్యుత్తునకై యొక పత్రికయు నడపెను. 1908లో నతడు గతించెను గాని శిష్యులు మిగిలిరి. 1918 నాటికి డెన్మార్కులో సుమారు నూటయిరువది స్థానిక విద్యుత్కేంద్రములకు గాలిమరలుండెను. 1904లో నతనియొద్ద చదివిన యోహానెస్ యూల్ అనునాతడు 1957లో గెడ్సరు తీరమున మూడురెక్కల పెద్దమర నిలిపెను. 1970వ దశాబ్దమున నూనెధర మండిపోయినప్పుడు క్రిస్టియన్ రీసేగర్ అను వడ్రంగి ఆ గెడ్సరు మరనే మాదిరిగ గైకొని, మోటారుబండి సామానులతో తన పెరటిలో నొక చిన్నమర కట్టెను. అది చూచి యెందఱో గృహస్థులు కొనుక్కొనిరి. మేరికిర్కులో నొక్క సెలవుయింటితో నిలిచిపోయిన పని డెన్మార్కులో ఉపాధ్యాయునినుండి శిష్యునకు, శిష్యునినుండి వడ్రంగికి నడచినది.

ఉపాధ్యాయుడు కూడ లేనిచోట పుస్తకమే యుపాధ్యాయుడైనది. ఆఫ్రికాలోని మలావీ దేశమున 2001, 2002 సంవత్సరములలో కఱవు వచ్చి, రుసుము చెల్లింపలేక విలియం కమ్‌క్వంబా అను రైతుబాలుడు బడి మానెను. ఊరి ప్రాథమికపాఠశాలకు చేరియున్న చిన్న గ్రంథాలయమునకు పోవుచు, ఇంగ్లీషు సరిగ రాకున్నను పటములు చూచి గ్రహించుచు, పారవేసిన సామానుల కుప్పలలో వెదకి, సైకిలుచట్రము, ట్రాక్టరు పంకా, కాల్చి సాపుచేసిన ప్లాస్టిక్ గొట్టముల రెక్కలు, సైకిలు డైనమో కూర్చి, కొయ్యగోపురముమీద 2002లో మర నిలిపెను. పాతచెప్పుల రబ్బరుతో మీటలు చేసికొనెను. కట్టుచున్నంతకాలము ఊరివారు అతనికి మతి చలించినదనిరి. దీపము వెలిగిన తరువాత, ఆ మరవలన తమ సెల్‌ఫోనులకు విద్యుత్తు పట్టించుకొనుటకై వారే యతని యింటిముందు వరుసలో నిలిచిరి.