పెరటి పట్టాల మీద చిన్నరైలు, దాని ఫొటో

ఆర్మూరుకు రైలు చాలా ఆలస్యంగా వచ్చింది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993లో శంకుస్థాపన జరిగిన పెద్దపల్లి–నిజామాబాద్ లైను 2017లో పూర్తయ్యాకే ఈ పసుపు ఊరికి స్టేషన్ దక్కింది. అదీ నేరుగా బ్రాడ్‌గేజ్‌తోనే. అంతకుముందు రైలెక్కాలంటే నిజామాబాద్‌కో డిచ్‌పల్లికో పోవాల్సిందే. సికింద్రాబాద్ నుంచి బాసర మీదుగా మన్మాడ్ వెళ్లే నిజాం నాటి మీటర్‌గేజ్ లైను 1900 ప్రాంతంలో నిజామాబాద్ జిల్లాలోకి వచ్చింది, వందేళ్లు నడిచింది, గేజ్ మార్పిడిలో పోయింది. ఆర్మూరు గడప మాత్రం తొక్కలేదు. అలాంటి రైలును ఇవాళ ఆర్మూరులో ఒక ఇంటి పెరట్లో నమూనాగా నడిపి ఫొటో తీస్తే ఆ ఫొటోకు విలువ ఉంటుందా? ఉంటుందనే నా వాదన. తోటల్లో నమూనా రైళ్లు నడిపే ఈ అభిరుచి పుట్టి పెరిగిన తీరే దానికి ఆధారం. తోట రైలు ఫొటోను జనం నమ్మేలా చేసినదాంట్లో కెమెరా వాటా తక్కువ, సన్నపట్టాల (నారోగేజ్) స్వభావం వాటా ఎక్కువ.

వేల్స్‌లో పలకరాయి మోసే ఫెస్టినియోగ్ రైల్వే రెండడుగులకు కాస్త తక్కువ వెడల్పు పట్టాల మీద 1863లో ఆవిరి ఇంజిన్లను నడిపి చూపించింది. ఆ విజయం చూసి సర్ ఆర్థర్ హేవుడ్ అనే ఆంగ్ల భూస్వామి 1874లో డర్బీషైర్‌లోని డఫీల్డ్ బ్యాంక్‌లో, తన ఇంటి ఆవరణలోనే, 15 అంగుళాల పట్టాలు వేశాడు. ఆయన దృష్టిలో అది ఆటవస్తువు కాదు. పెద్ద ఎస్టేట్లలో సరుకు మోయడానికి ఎంత సన్నని పట్టా సరిపోతుందో తేల్చే ప్రయోగం. రైలు తోటలోకి వచ్చింది పని కోసమేనన్న మాట. మన దగ్గర కూడా అదే లెక్క. పర్లాకిమిడి జమీందారు చొరవతో 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి వేసిన లైను రెండున్నర అడుగులది. ఖర్చు తక్కువ, మలుపు తిరగడం తేలిక. ఈ మలుపులోనే అసలు కిటుకు ఉంది. భారతీయ రైల్వే నిబంధనల ప్రకారం బ్రాడ్‌గేజ్‌కు అనుమతించే అతి బిగువైన వంపు వ్యాసార్థం సుమారు 175 మీటర్లు, మీటర్‌గేజ్‌కు 109, నారోగేజ్‌కు 44. ఇరవై రెండున్నర రెట్లు తగ్గించి చూస్తే అవి దాదాపు 7.8, 4.8, 2 మీటర్లవుతాయి. బ్రాడ్‌గేజ్ నమూనా నిజాయితీగా ఒక చుట్టు తిరగాలంటే పదిహేను మీటర్లకు మించిన జాగా కావాలి. నారోగేజ్‌కు నాలుగు మీటర్లు చాలు. రాయి అడ్డొస్తే బ్రాడ్‌గేజ్ దాన్ని పేల్చి పోతుంది, నారోగేజ్ దాన్ని చుట్టి పోతుంది. పెరడుకు సరిపడేది రెండోదే.

ఇరవై రెండున్నర రెట్లని ఊరికే అనలేదు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన లేమాన్ సంస్థ 1968లో ఎల్‌జీబీ పేరుతో వానకు, ఎండకు తట్టుకునే తోట రైళ్లను మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఎంచుకున్న కొలత అదే. పట్టా వెడల్పు 45 మిల్లీమీటర్లు. మీటరును 22.5తో భాగిస్తే 44.4 వస్తుంది. అంటే ప్రపంచమంతా అమ్ముడుపోయిన ఆ తోట పట్టా, కొలత ప్రకారం, నిజామాబాద్ మీదుగా నడిచిన మీటర్‌గేజే. మన రైల్వేలో మీటర్‌గేజ్‌ను నారోగేజ్‌లో కలపరు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఇక్కడ అది వేరే తరగతి. కానీ 1870లో లార్డ్ మేయో ప్రభుత్వం మీటర్ వెడల్పును ఎంచుకున్నది ఖర్చు తగ్గించడానికే. ప్రపంచపు లెక్కలో 1435 మిల్లీమీటర్లకు తక్కువైనదంతా సన్నపట్టానే. పైగా ఎల్‌జీబీ తొలి ఇంజిన్ ‘స్టెయింజ్’కు మూలమైన ఆస్ట్రియా ఇంజిన్ నడిచింది 760 మిల్లీమీటర్ల పట్టాల మీద, అంటే మన నౌపడా లైనుకు రెండు మిల్లీమీటర్లే తేడా. ఆ తయారీదారులే ఈ రెండింటినీ ఒకే పట్టా మీద నడిపారు.

ఇక ఫొటో సంగతి. నమూనా రైలు ఫొటో చాలాకాలం కేటలాగు బొమ్మగానే ఉండిపోయింది: పై నుంచి చూపు, ముందుభాగం మాత్రమే స్పష్టం, వెనకంతా మసక. ఇందుకు కారణం లెన్స్ లెక్కలో ఉంది. 35 ఎంఎం కెమెరాకు 50 ఎంఎం లెన్స్ పెట్టి, ఎఫ్8 దగ్గర, నిజమైన రైలును ఇరవై మీటర్ల నుంచి తీస్తే ఏడు మీటర్ల నుంచి దూరపు గుట్ట దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అదే చూపుతో నమూనాను తీయాలంటే 89 సెంటీమీటర్ల దూరంలో నిలబడాలి. అప్పుడు స్పష్టంగా వచ్చేది పదిహేను సెంటీమీటర్లే. నమూనా లోకంలో అది దాదాపు మూడున్నర మీటర్లు, పెట్టెలో నాలుగో వంతు కూడా లేదు. ఆ మసకే ‘ఇది బొమ్మ’ అని చెప్పేస్తుంది. కాలిఫోర్నియాలో వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్ అయిన జాన్ అలెన్ తన నమూనా రైల్వేను అతి చిన్న రంధ్రంతో, ఎక్కువసేపు వెలుగు పట్టి తీసి ఈ మసకను జయించాడు. ఇప్పుడైతే వేర్వేరు దూరాలకు ఫోకస్ చేసిన ఫొటోలను కంప్యూటర్లో ఒకటిగా కలుపుతున్నారు. సెల్‌ఫోన్ లెన్స్ చాలా చిన్నది కాబట్టి దానికి ఈ ఇబ్బంది తక్కువ. ఫోన్‌ను తలకిందులుగా పట్టి, లెన్స్ నేలకు ఏడు సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా చూసుకోవాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషికి తన కాళ్ల నుంచి కంటి ఎత్తు ఆ కొలతలో దాదాపు అంతే.

కెమెరా చేయగలిగింది అంతవరకే, మిగతాది నేల చేయాలి. ఆర్మూరులోని నవనాథ సిద్ధుల గుట్ట మీది నల్లబారిన బండరాళ్లను చూడండి. రాతికి తన పరిమాణం చెప్పుకునే గుణం లేదు. అందుకే భూగర్భ శాస్త్రవేత్తలు రాతి ఫొటో తీసేటప్పుడు పక్కన సుత్తి పెడతారు. సుత్తి తీసేసి నమూనా ఇంజిన్ పెడితే అడుగు ఎత్తు రాయి గుట్టయిపోతుంది. ఆర్మూరు పెరడుకు ఇంతకంటే వరం లేదు. పసుపు మొక్క సంగతి మాత్రం తలకిందులు. అడుగున్నర ఆకు ఈ లెక్కలో పది మీటర్లవుతుంది, ఫ్రేములో ఒక్కటి కనిపించినా రైలు బొమ్మయిపోతుంది. పసుపు మడిని చూపాలన్న మోజు ఎంతున్నా, దాన్ని వెనక దూరంలో పచ్చని మసకగా వదిలేయాలి. చెట్లుగా తుమ్మ, జమ్మి మొలకలు మేలు, వాటి చిట్టి ఆకులు నిజమైన ఆకులంతే కనిపిస్తాయి. వెలుగు విషయంలో తోటను మించింది లేదు. గదిలోని దీపం దగ్గరగా ఉంటుంది, నీడలు విచ్చుకుంటాయి. సూర్యుడి నీడలు మాత్రం నిజమైన రైలుకైనా నమూనాకైనా ఒకే నిష్పత్తిలో పడతాయి.

ఇన్ని చేసి చివరకు జరగనిదాన్ని జరిగినట్టు చూపడమేగా, అది మోసం కాదా అన్నది అసలైన ఆక్షేపణ. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. బ్రిటన్‌లో జాన్ అహెర్న్ నిర్మించిన మ్యాడర్ వ్యాలీ, పి.డి. హాంకాక్ నారోగేజ్ నమూనా క్రెయిగ్ అండ్ మెర్టన్‌ఫోర్డ్ రెండూ లేని ఊళ్ల రైళ్లే. అహెర్న్ నమూనాను పెండన్ మ్యూజియం నేటికీ భద్రపరిచింది. ఎవరూ మోసపోలేదు, ఎందుకంటే అవి ఊహలని చెప్పే చూపారు. ఇలాంటి రైలు ఇలాంటి నేల మీద ఇలా ఉంటుందని మాత్రమే ఆ ఫొటోలు అంటాయి, అంతవరకు అవి నిజం. ఆర్మూరు బండల మధ్య మీటర్‌గేజ్ బండి ఫొటో కూడా అంతే, కింద ‘నమూనా’ అన్న మాట ఉండాలి. ఆ మాట లేకుండా పాత ఫొటోలా గోధుమరంగు పూసి పంచితే అది చరిత్రకు ద్రోహం, అక్కడ ఆక్షేపకుల పక్షమే నాది.

నిజమైన పాత ఫొటోలుండగా నమూనా దేనికన్న ప్రశ్నకు జవాబు సులువు: నమూనా కట్టాలంటేనే ఆ ఫొటోలు కావాలి. పెట్టె రంగు, సిగ్నల్ ఎత్తు, స్టేషన్ పెంకుల వరస అన్నీ వాటిలోంచే దొరుకుతాయి. నిజామాబాద్, డిచ్‌పల్లి, జానకంపేట, బోధన్ ఇళ్లలో మీటర్‌గేజ్ రోజుల ఫొటోలున్నవారు వాటిని ట్రంకు పెట్టెల్లోంచి తీయండి. వెనక ఊరి పేరు, సంవత్సరం, ఫొటోలో ఉన్నవారి పేర్లు పెన్సిలుతో రాయండి. తెలిసినవాళ్లు మన మధ్య ఉండగానే అడిగి రాయండి.