కీళ్ళవాతపు మందు - వైద్యుని ప్రశ్న

హైదరాబాదులో తార్నాకనుండి ఉప్పలుకు పోయే దారిలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉన్నది. 1944లో హైదరాబాదు రాష్ట్రం నెలకొల్పిన పరిశోధనశాలయే తరువాత ఈ రూపం దాల్చినది. దానికి చేరువలో, నాచారం పారిశ్రామిక వాడలో, మందుల సంస్థలున్నవి. మందు పరిశోధనశాలలో పుట్టి కర్మాగారంలో తయారగుట ఈ ప్రాంతంలో కంటికి కనబడే విషయం. కాని రోగిని చేరుటకు అది ఇంకొక మెట్టు దాటవలెను. కంపెనీ ప్రతినిధి మాట విన్న వైద్యుడు దానిని చీటీలో వ్రాయవలెను. ఈ మెట్టు ఎంత ముఖ్యమైనదో రోఫెకాక్సిబ్ అనే మందు చరిత్ర తెలుపుతున్నది.

ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకొనుటవల్లనే నొప్పి, వాపు తగ్గుతవని 1971లో జాన్ వేన్ చూపినాడు. అయితే ఆ పదార్థాలే జీర్ణాశయపు పొరను కూడ కాపాడుతవి. అందుచేత కీళ్ళ నొప్పికి ఏండ్ల తరబడి మందు మ్రింగినవారికి కడుపులో పుండ్లు పడేవి. వీటిని తయారుచేసే ఎంజైములు రెండనీ, పొరను కాపాడేది ముఖ్యంగా కాక్స్-1, వాపును పెంచేది ముఖ్యంగా కాక్స్-2 అనీ తరువాత తేలినది. రెండవదానిని మాత్రమే అడ్డుకొంటే చాలునుగదా!

ఈ ఆలోచనతో వచ్చిన రోఫెకాక్సిబును మెర్క్ సంస్థ 1999లో 'వయాక్స్' పేరుతో అమ్మకానికి తెచ్చినది. కడుపుకు హాని తక్కువ అన్నదే దాని ప్రచారం. ఆ మాట అబద్ధం కాదు. 2000లో వెలువడిన పరీక్షలో 8,076 మంది రోగులలో కొందరికి ఈ మందు, కొందరికి పాత మందైన నాప్రోక్సెన్ ఇచ్చినారు. కొత్త మందు వాడినవారిలో జీర్ణాశయపు ఉపద్రవాలు సుమారు సగమే. కాని గుండెపోటు నాప్రోక్సెన్ వాడినవారిలో 0.1 శాతం మందికి రాగా, రోఫెకాక్సిబ్ వాడినవారిలో 0.4 శాతం మందికి వచ్చినది.

ఇది కొత్త మందు దోషమా, గుండెను కాపాడిన పాత మందు గుణమా? సంస్థ రెండవ వాదాన్నే పట్టుకొన్నది. వైద్యులందరూ ఊరకుండలేదు, గుండె సంగతి ఏమిటని అడిగినవారున్నారు. అట్టి ప్రశ్నలను ఎట్లు తప్పించుకోవలెనో ప్రతినిధులకు ఒక ఆట రూపంలో నేర్పినట్లు 2005లో అమెరికా కాంగ్రెసు సభ్యులు బయటపెట్టిన పత్రాలు చూపినవి. గుండెకు గల ప్రమాదాన్ని తక్కువచేసి చెప్పుతున్నారని అక్కడి ఔషధ నియంత్రణ శాఖ 2001లోనే సంస్థను హెచ్చరించినది.

సందేహం తీర్చినది మరొక పరీక్ష. అందులో పోలికకు పెట్టినది నాప్రోక్సెన్ కాదు, మందు లేని ఉత్తి మాత్ర. ఉత్తి మాత్ర గుండెను కాపాడదు. అయినను రోఫెకాక్సిబ్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు దాదాపు రెట్టింపైనవి. 2004 సెప్టెంబరు 30న సంస్థ మందును ఉపసంహరించుకొన్నది. అదే ఏడాది డిసెంబరులో భారతదేశం దానిని నిషేధించినది.

2024 మార్చిలో భారత ప్రభుత్వం ప్రకటించిన ప్రచార నియమావళి ప్రకారం, వివరణ లేకుండా ఏ మందునూ 'సురక్షితం' అనరాదు. నియమం మంచిదే. కాని ఉప్పలులోనో, నాచారంలోనో ప్రకటన కాగితం అందుకొన్న వైద్యుడు వేయవలసిన ప్రశ్నలు మూడున్నవి: దేనితో పోల్చినారు? ఎంతమందిలో? ఎంతకాలం? తరగతిలో ప్రయోగం చేసే విద్యార్థి నేర్చుకొనే ప్రశ్నలు కూడ ఇవియే.