పగటి ఎండ - రాత్రి దీపం

సూర్యుడు పగలే ప్రకాశిస్తాడు. ఇంటికి దీపం రాత్రి కావాలి. ఎండను విద్యుత్తుగా మార్చడం నేర్చిన శాస్త్రజ్ఞులకు మొదటినుండి ఎదురైన చిక్కు ఇదే. పగటి విద్యుత్తును రాత్రివరకు ఎక్కడ దాచాలి? ఈ ప్రశ్నకు చరిత్రలో రెండు సమాధానాలు దొరికాయి. ఇంటికప్పు మీద సౌరఫలకాలు పెట్టదలచిన గృహస్థు నేడు ఎంచుకోవలసింది ఆ రెంటి నుండే.

వెలుతురు వల్ల విద్యుత్ప్రవాహం పుట్టగలదని 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్ గమనించాడు. పనికివచ్చే సౌరఘటం మాత్రం 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారయింది. చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు నిర్మించిన ఆ సిలికాన్ ఘటం తనపై పడిన సూర్యశక్తిలో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. మరుసటి ఏడు జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ వద్ద ఒక పల్లె టెలిఫోను లైనుకు దానిని అమర్చారు. పగలు మిగిలిన విద్యుత్తును బ్యాటరీలో నింపి రాత్రి వాడుకొన్నారు. ఇదే మొదటి సమాధానం. కరెంటు తీగలు చేరని చోట్లకు ఇదే శరణ్యమయింది.

అయితే ఇందులోని భారాన్ని లెక్కవేసి చూడాలి. రోజుకు 4 యూనిట్లు వాడే ఇల్లు మూడు రోజుల ముసురును తట్టుకోవాలంటే 12 యూనిట్లు నిలవ ఉండాలి. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చెడుతుంది గనుక 24 యూనిట్లు పట్టే బ్యాటరీలు కావాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లే. అంటే అటువంటివి 14 కావాలి! కొన్నేళ్ళకు వాటిని మార్చక తప్పదు. పైగా అవి నిండిన తరువాత కాసే ఎండ వృథా.

రెండవ సమాధానం శాసనాల నుండి వచ్చింది. చిన్న ఉత్పత్తిదారుల విద్యుత్తును కూడా సరఫరా సంస్థలు కొనాలని అమెరికా 1978లో చట్టం చేసింది. ఇచ్చినదీ తీసుకొన్నదీ సరిచూసి బిల్లు కట్టే పద్ధతిని మిన్నెసోటా రాష్ట్రం 1983లో శాసనబద్ధం చేసింది. జర్మనీలో ఇటువంటి కొనుగోలు చట్టం 1991లో అమలులోకి వచ్చింది. మన దేశంలో కోటి ఇళ్ళను ఉద్దేశించి 2024లో ఆరంభించిన సూర్యఘర్ పథకానికి కూడా ఆధారం ఈ పద్ధతే. ఇక్కడ బ్యాటరీ అక్కరలేదు. నిజానికి తీగలో విద్యుత్తు నిలవ ఉండదు. పగటి మిగులును ఇరుగుపొరుగు వాడుకొంటారు, రాత్రి విద్యుత్కేంద్రం మనకు సరఫరా చేస్తుంది.

మరి ఈ మార్గంలో లోపం లేదా? 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను అమెరికాలోని న్యూజెర్సీని తాకింది. కరెంటు పోయింది. తరువాత ఎండ కాసినా, ఫలకాలు చెక్కుచెదరకపోయినా, ఎన్నో సౌరగృహాలు చీకటిలోనే ఉండిపోయాయి. ఇది యంత్రలోపం కాదు. లైనులో సరఫరా ఆగగానే ఇన్వర్టరు కూడా ఆగేటట్లు బుద్ధిపూర్వకంగా ఏర్పాటు చేశారు. లేకపోతే ఇంటి విద్యుత్తు తీగలలోకి ప్రవహించి, స్తంభం మీద మరమ్మతు చేస్తున్న మనిషి ప్రాణం తీయవచ్చు.

అందుచేత నేడు మూడవ మార్గం వ్యాపిస్తున్నది. లైను ఉన్నంతసేపు దానితో కలిసి ఉండి, అది ఆగగానే ఇంటిని వేరుచేసి, చిన్న బ్యాటరీతో అత్యవసరమైన వాటిని మాత్రమే నడిపే ఏర్పాటు ఇది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరువాత రోజుల తరబడి కరెంటు లేక గడిపిన విశాఖ వాసులకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి ఏది మేలు అని అడిగేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: మన ఊరిలో కరెంటు ఎంతసేపు పోతుంది? అప్పుడు మన ఇంటిలో ఆగకూడనిది ఏది? ఈ రెండింటికి జవాబు తెలిస్తే మిగిలినది లెక్క మాత్రమే.