పాత గ్రామఫోన్ రికార్డులు గుజిరీకి వేస్తున్నారా? ఒక్క నిమిషం.. ముందు లేబుల్ చూడండి!

కోసిగి, ఆదోని వైపు పాత మిద్దె పడగొట్టి కొత్తిల్లు కట్టేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతాయి. అందులో తాతల కాలం నాటి పాటల ప్లేట్లు ఉంటే చాలామంది చేసే పని ఒక్కటే.. గుజిరీకి వేసేయడం. కానీ వాటిలో కొన్నింటి కోసం ప్రపంచమంతా వెతికేవాళ్లున్నారు.

ప్రోమో రికార్డు అంటే?

పాట మార్కెట్లోకి రాకముందే రేడియో స్టేషన్లకు, పత్రికలకు కంపెనీలు పంపే కాపీ ఇది. లేబుల్ మీద 'అమ్మకానికి కాదు' అనో, పెద్ద 'ఎ' అక్షరమో ఉంటుంది. కొద్ది కాపీలే వేస్తారు, అందుకే అంత గిరాకీ. 1962లో బీటిల్స్ 'లవ్ మీ డూ' ప్రోమో దాదాపు 250 కాపీలే వచ్చింది. దాని మీద పాల్ మెకార్ట్‌నీ పేరు స్పెల్లింగే తప్పు! ఆ తప్పే ఇప్పుడు దాని గుర్తింపు.

ఇండియా రికార్డుల క్రేజ్ ఎందుకు?

78 ఆర్‌పీఎం రికార్డులను లక్కతో చేసేవారు. ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల పాట. బ్రిటన్‌లో 1960 నాటికే వాటి పని అయిపోయింది. మన దగ్గర మాత్రం చాలా ఇళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లే ఉండేవి. అందుకే 1960ల మధ్యలోనూ కోల్‌కతా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటలను 78లుగా అచ్చేశారు. విదేశీ కలెక్టర్లు వీటికోసమే ఎగబడతారు.

మరి తెలుగు రికార్డులు?

ఘంటసాల పాడిన 'పుష్పవిలాపం' పద్యాలు ఊరూరికీ చేరింది రికార్డుల మీదే. అవి ఇప్పుడు ఫోన్లోనూ దొరుకుతాయి. కానీ పాత నాటక పద్యాల రికార్డులన్నీ ఫోన్లలోకి ఎక్కలేదు. వాటికి పెద్ద రేటు రాకపోవచ్చు. అయితే మీ పెట్టెలోదే మిగిలిన చివరి కాపీ అయితే, అది పగిలిన రోజే ఆ గొంతు కూడా పోయినట్టే.

ఇంట్లో ఉంటే ఇలా చేయండి

* లేబుల్ రెండు వైపులా ఫోటో తీయండి. మధ్యలో పాట లేని నున్నటి భాగంలో చెక్కిన నంబర్ రాసిపెట్టుకోండి. ఏ ప్రింటో తేల్చేది అదే.
* పడుకోబెట్టి దొంతర పెట్టొద్దు, నిలబెట్టండి. లక్క రికార్డు కింద పడితే ముక్కలే. వినైల్‌ది ఇంకో బాధ, మన ఎండలకు రేకుల కింద పెడితే వంకర్లు పోతుంది.
* 78లను స్పిరిట్, శానిటైజర్‌తో తుడవొద్దు. లక్క కరిగిపోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.
* చిన్న 45 ఆర్‌పీఎం రికార్డులను పాత ఇనుప ముల్లు గ్రామఫోన్ మీద పెట్టొద్దు. ఒక్కసారికే గీతలు అరిగిపోతాయి.

పాతది కదా అని ప్రతి రికార్డుకూ లక్షలు రావు. ఎక్కువగా అమ్ముడైన సినిమా పాటల ప్లేట్లకు మామూలు ధరే పలుకుతుంది. కాబట్టి ఎవరైనా ఆశ పెడితే తొందరపడొద్దు. అలాగని లేబుల్ చదవకుండా తూకానికీ వేయొద్దు.