వేట చీతా: శిక్షణ, చెర, అంతర్ధానం
(విజయనగరం సంస్థాన చరిత్రలో ఒక ఘట్టం)

క్రీ.శ. 1880వ సంవత్సరంలో విశాఖపట్టణం జిల్లాలో గవర్నరు ఏజెంటుగా ఉండిన ఓ. బి. ఇర్విన్ అనే బ్రిటిషు అధికారి విజయనగరం రాజావారితో కలిసి వేటకు వెళ్ళి, ఒక చీతా దాడికి గురై మరణించాడు. భారతదేశంలో చీతా మనిషిని చంపినట్లు నమోదైన సంఘటన ఇదొక్కటే. 1839 నాటి చట్టం ప్రకారం కొండ ప్రాంతాలపై విశేషాధికారాలు కలిగిన ఏజెంటు మరణించడం ఆనాడు చిన్న విషయం కాదు. అయితే చరిత్రకారుడు గమనించవలసిన సంగతి వేరొకటి ఉన్నది. ఇర్విన్‌ను చంపినది అడవి మృగం కాదు. అది రాజావారి సొంత చీతా. మనుషుల మధ్య పెరుగుతూ, మనుషుల చేతి మాంసం తింటూ, మనుషుల కోసం వేటాడడం నేర్చిన జంతువు.

ఇక్కడ పేరు విషయంలో ఒక మాట చెప్పుకోవాలి. తెలుగువారు చిరుత అనేది వేరు, చీతా వేరు. చిరుత చెట్లెక్కుతుంది, పొంచి ఉండి మీద దూకుతుంది, దాని ఒంటిమీద గుల్ల పువ్వుల వంటి మచ్చలుంటాయి. చీతా సన్నని నడుము, పొడవైన కాళ్ళు గల మైదానపు జంతువు. దాని మచ్చలు నిండు చుక్కలు, కంటి కొస నుండి నోటి వరకు కన్నీటి చారల వంటి నల్లని గీతలు. పాత రికార్డులలో ఈ రెండింటినీ కలగలిపి రాసినవారు తక్కువేమీ కాదు.

చీతాతో వేటాడడం ముస్లిం పాలకులు ఈ దేశానికి తెచ్చిన అలవాటు అని కొందరు రాస్తుంటారు. ఇది సరి కాదు. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసంలోనే దాని ప్రస్తావన ఉన్నది. అరబ్బులకూ ఇది పూర్వం నుండి తెలిసిన విద్యే. చీతాను గుర్రంపై ఎక్కించి తీసుకుపోయిన మొదటివాడు యజీద్ బిన్ ముఆవియా అని దమీరీ (మరణం హి.శ. 808) తన జంతు గ్రంథంలో పేర్కొన్నాడు. కాని ఈ వేటను ఒక రాజ్యశాఖగా మార్చినది మాత్రం అక్బరు చక్రవర్తి. 1555లో బాలుడుగా ఉన్నప్పుడు అతనికి ఫతేబాజ్ అనే చీతా కానుకగా లభించినది. అది మొదలు ఈ మోజు పెరుగుతూనే పోయినది. ఆయీనె అక్బరీలో అబుల్ ఫజల్ చీతాలను ఎనిమిది తరగతులుగా విభజించి చూపాడు. మొదటి తరగతికి రోజుకు ఐదు సేర్ల మాంసం, ఎనిమిదవ తరగతికి రెండుముప్పావు సేర్లు. సమంద్ మానిక్ అనే చీతాను పల్లకీ వంటి చౌడోలులో మోసుకుపోయేవారు. ఆ పల్లకీ మోసిన బోయీల రోజు భత్యం ఎంతో కూడా అబుల్ ఫజల్ చెప్పి ఉంటే బాగుండేది!

శిక్షణ విధానం ఆసక్తికరమైనది. చీతా పిల్లను తెచ్చి పెంచితే లాభం లేదు. వేట అనేది తల్లి వెంట తిరిగి నేర్చుకునే విద్య. తల్లి నుండి విడదీసిన పిల్లకు అది రాదు. అందుచేత వేట నేర్చిన పెద్ద చీతానే గోతులలో పట్టేవారు. పట్టిన తరువాత కళ్ళకు గంతలు కట్టి, తాళ్ళతో కదలకుండా కట్టివేసి, ఆకలికి మాడ్చేవారు. జనసంచారం గల చోట, నులక మంచం మీద కట్టి ఉంచి, ఆడవారూ పిల్లలూ దాని చుట్టూ చేరి రోజంతా మాట్లాడుతూ ఉండేట్టు ఏర్పాటు చేసేవారు. చప్పుళ్ళకు బెదరడం మానాలన్నది ఉద్దేశం. తిండి మాత్రం ఒక్క పాలకుని చేతి నుండే, చెక్క గరిటెలో. కొన్నాళ్ళకు ఆ గరిటె కనబడితే చాలు, చీతా మనసు దానిమీదికే పోయేది. వేటనాడు ఎద్దుబండి మీద కృష్ణజింకల మంద దగ్గరకు తీసుకుపోయి గంతలు విప్పేవారు. జింకను పడగొట్టిన తరువాత పాలకుడు పరుగున వెళ్ళి, జింక గొంతు కోసి, ఆ నెత్తురు గరిటెలో పట్టి చీతా నోటికందించేవాడు. అది గరిటెకు ఆశపడి జింకను వదలగానే మళ్ళీ గంతలు. పూర్వం రెండు మూడు నెలలు పట్టే ఈ శిక్షణ అక్బరు శ్రద్ధ వలన పద్దెనిమిది రోజులలోనే పూర్తి కాజొచ్చినదని అబుల్ ఫజల్ అతిశయంగా రాశాడు.

జంతువు ఎప్పుడు నేర్చుకున్నట్లు? ఈ ప్రశ్న ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఆహారానికి సంబంధించిన ప్రశ్న కావడం వల్ల దీనిపై లోతైన చర్చ జరిగినది. దివ్య ఖుర్‌ఆన్ అల్ మాయిదహ్ సూరా 4వ ఆయతు శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చినదానిని, అల్లాహ్ నామం స్మరించి తినడానికి అనుమతించినది. ఆ శిక్షణా జ్ఞానం కూడా దేవుడు మనిషికి నేర్పినదే అని ఆయతు గుర్తు చేస్తుంది. హాతిం తాయీ కుమారుడు అదీ (రజి) అడిగినప్పుడు, వేటకుక్క దానిలో కొంత తిన్నట్లయితే మీరు తినవద్దు, అది తన కోసమే పట్టినది కావచ్చు అన్న భావంతో దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

దీని ఆధారంగా హనఫీ ధర్మవేత్త బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం హి.శ. 593) తన హిదాయాలో చెప్పినది మనస్తత్వ శాస్త్ర విద్యార్థులు సైతం చదవదగినది. జంతువు తన స్వభావానికి అలవాటైన పనిని మానడమే అది నేర్చుకున్నదనడానికి గుర్తు. డేగ స్వభావం ఎగిరిపోవడం, కావున పిలిస్తే తిరిగి రావడం దాని పరీక్ష. కుక్క స్వభావం పట్టినది తినడం, కావున మూడుసార్లు తినక మానడం దాని పరీక్ష. చీతా వదలగానే పరుగెత్తక నక్కి కూర్చుంటే? అది విశ్రాంతి కాదు, వేటలో దాని ఉపాయం, కనుక ఆ వేట చెల్లుతుందన్నాడు మర్గీనానీ. చీతాను కళ్ళారా చూసినవారి మాటలివి. ఇదే హిదాయాను కంపెనీ న్యాయస్థానాల ఉపయోగార్థం చార్లెస్ హామిల్టన్ 1791లో ఆంగ్లంలోకి తెచ్చాడు.

రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలు అందరూ ఎరిగినవే. తిండికి ముందు ఏదైనా సంకేతం పదే పదే ఇస్తే, తరువాత ఆ సంకేతానికే కుక్క నోరూరుతుంది. చెక్క గరిటె చేసిన పని అదే. ఇంతకంటే మన విషయానికి దగ్గరైనది అమెరికాలో బ్రీలాండ్ దంపతులు 1961లో ప్రకటించిన వ్యాసం. వారు వేలాది జంతువులకు విద్యలు నేర్పినవారు. రకూన్ అనే జంతువుకు నాణాలను పెట్టెలో వేయడం నేర్పగా, అది రాను రాను వేయడం మాని, తిండిని నలిపినట్లు రెండు నాణాలను ఒకదానితో ఒకటి రుద్దసాగినది. బహుమానం పోతున్నా మానలేదు. నేర్పిన విద్య క్రమంగా పుట్టుస్వభావం వైపు జారిపోతుందని వారు తేల్చారు. తెలుగులో మచ్చిక అనీ శిక్షణ అనీ రెండు మాటలున్నాయి. గుర్రం, ఎద్దు తరతరాలుగా మచ్చికైనవి. చీతా శిక్షణ పొందినదే గాని మచ్చికైన జాతి కాదు. విజయనగరం వేటలో ఏజెంటు ఎదుట నిలిచినది గంతలు విప్పిన వేటమృగం.

మచ్చిక కాకపోవడానికి మూలకారణం చీతా చెరలో ఈనకపోవడం. తన తండ్రి వేయి చీతాల వరకు సేకరించి, అవి జతకట్టాలని ఎంతగానో కోరినా ఫలించలేదని జహాంగీరు తన ఆత్మకథలో రాశాడు. తన కాలంలో ఒక మగ చీతా పట్టె తప్పించుకొని ఆడదానిని చేరగా మూడు పిల్లలు పుట్టిన సంగతిని అతడు వింతగా నమోదు చేశాడు. ఆ తరువాత చెరలో చీతా ఈనినట్లు తెలిసినది 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో. అంటే దర్బారులలో చచ్చిన ప్రతి చీతాకు బదులుగా మరొకదానిని అడవి నుండి పట్టవలసినదే. అదీ వేట నేర్చిన, పిల్లలను కని పెంచగల వయసులో ఉన్నదానిని. ఒక చీతా నేర్చిన విద్య దానితోనే పోతుంది, కాని దానిని కోల్పోయిన అడవికి ఒక తరమే పోతుంది. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తిననివ్వక చంపిన స్త్రీకి నరకశిక్ష పడినదన్న హదీసు వినని ముస్లిం ఉండడు. దర్బారులలో చీతాలకు తిండికి కొదవలేదు. కాని కట్టు విప్పే ఆలోచన ఎవరికీ కలగలేదు. మొగలు దర్బారును పొగిడే మన రచయితలు ఈ లెక్కను దాటవేయడం న్యాయం కాదు.

ఇర్విన్ మరణం వల్లనే చీతాల తలలకు వెల కట్టారన్న మాట ఇటీవల వినబడుతున్నది. నిజానికి బ్రిటిషు ఇండియాలోని కొన్ని ప్రాంతాలలో 1870 దశకం ఆరంభం నుండే చీతాలను చంపినవారికి బహుమానాలిచ్చేవారు. మనిషిపై దాడి చేసినది చెరలోని చీతా, శిక్ష పడుతున్నది ఎవరి జోలికీ రాని అడవి చీతాలకు. మైదానాలు సాగులోకి రావడం, జింకలు తగ్గడం తోడై, 20వ శతాబ్దం వచ్చేసరికి రాజులు వేట చీతాలను ఆఫ్రికా నుండి తెప్పించుకోవలసి వచ్చినది. 1947 ప్రాంతంలో కొరియా సంస్థానాధీశుడు మూడు చీతాలను కాల్చాడు. 1952లో ఈ జాతి భారతదేశంలో అంతరించినట్లు ప్రకటించారు. నేడు ఆసియా చీతాలు ఇరాన్‌లో మాత్రమే, అవీ అతి కొద్దిగా మిగిలి ఉన్నాయి. 2022 సెప్టెంబరులో నమీబియా నుండి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుండి పన్నెండు ఆఫ్రికా చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో వనానికి తెచ్చారు. వాటికి గంతలు లేవు, గరిటె లేదు. 2023 మార్చిలో అక్కడ పిల్లలు కూడా పుట్టాయి.

తెలుగు నేలపై చీతా చివరి జాడ విజయనగరంలో కాక చిత్తూరులో దొరుకుతుంది. అప్పటి మద్రాసు రాష్ట్రపు చిత్తూరు జిల్లాలో చీతా కనబడినట్లు ఒక చిన్న లేఖ 1952లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో అచ్చయినది.